వెండిపొన్ను కర్ర

ఖాజాబీ వీధిలో నడిస్తే గోడ వెంబడి నీడ నడిచినట్టుంటుంది. ఎదురుగా ఎవరొచ్చినా ఒదిగి నిలబడి, వాళ్లు దాటాకే కదులుతుంది. వెండిపనివాడు లాల్ బాషా భార్య ఆమె. అతను సొట్టలు తీసిన వస్తువులను కుంకుడురసంతో తోమి, మెత్తటి పాతచీర గుడ్డతో తళతళలాడించేది ఆమే. ఆ పనిలో ఉన్నంతసేపూ ఆమె కళ్లు ఎక్కడో తేలుతుంటాయి. ఆ ఉదయం ఆమె తోమింది ఊరిపెద్ద కర్రను. తమిళదేశపు అంచునున్న ఈ ఊళ్లను తనవైపు కట్టేసుకోవడానికి ఎప్పటి పాలెగాడో పెద్దలకు పంచిన, కొసకు పొన్నుగా వెండితొడుగు వేసిన కర్రల్లో అదొకటి. జాతరకు వేళవుతోంది, లాల్ బాషాకేమో జ్వరం. ఆమే కర్ర పట్టుకుని ఊరిపెద్ద ఇంటికి బయల్దేరింది.

టీకొట్టు దగ్గర బెంచీ మీది మగవాళ్లంతా గబుక్కున లేచి, భుజాల మీది తువ్వాళ్లు తీసి చేతబట్టుకున్నారు. ఎవరొచ్చారోనని ఖాజాబీ వెనక్కి తిరిగి చూసి, అలవాటుగా గోడకు ఒదగబోయింది.

"నీకే మే, నడిమిన పో. కర్ర వస్తా ఉంటే మేం కూసోనుంటామా?" అన్నాడొక ముసలాయన.

ఆమె వీధి నడుమకొచ్చింది. పొన్ను మీద పడిన ఎండ ఆమెకంటే ముందు నడుస్తూ, గోడల మీద వెన్నెలముక్కలా ఊగింది.

కర్ర ఇచ్చేసి తిరిగొచ్చేటప్పుడు, దారికడ్డంగా చాచిన కాళ్లను ఆ బెంచీ మీద ఎవరూ ముడుచుకోలేదు. ఆమె చుట్టూ తిరిగి, గోడ పక్కగానే ఇల్లు చేరింది.

"ఇచ్చినావా?" అని మంచం మీంచి అడిగాడు లాల్ బాషా.

"ఇచ్చినా," అంది. కర్ర పట్టుకున్న కుడిచేతి పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు.