లోయలోకి దిగిన మా మేనత్త

మా మేనత్త పోయింది. "హంటింగ్‌కి వెళ్లి హార్ట్ ఎటాక్‌తో పోయిందట, ఆ వయసులో అవసరమా ఆవిడకి" అంటూ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వార్త నేను కొండ దిగి ఇల్లు చేరేలోపే ఊరంతా తిరిగొచ్చింది. అవసరమో కాదో తర్వాత చూద్దాం. ఆమె పోయినప్పుడు పక్కనున్నవాణ్ని నేను. చూసింది చెబుతాను.

అత్త కాకినాడ వైపు నుంచి నర్సుగా ఈ దేశం వచ్చింది. ఐడహోలో వేట గైడుగా ఉన్న ఒక అమెరికన్‌ని చేసుకుంది. రోడ్డు లేని కొండల్లో, వేటకొచ్చినవాళ్లు దిగే లాడ్జి వాళ్లది. కంచరగాడిదల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కితే గానీ చేరం. మామయ్య పోయాక అమ్మేసి కిందికొస్తుందని చుట్టాలందరూ అనుకున్నారు. ఆమె ఆయన తుపాకీ శుభ్రం చేసుకుని తనే గైడయింది. వేటకొచ్చినవాళ్లను ఎల్క్ దగ్గరికి తీసుకెళ్లడం ఆమె పని. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి.

ఆమె నోరు మంచిది కాదు. అది దాచి పొగడటం నాకు చేతకాదు. ఆరడుగుల టెక్సాస్ మగాళ్లు ఆమె తిట్లకు తల వంచుకుని గిన్నెలు కడిగేవాళ్లు. దుప్పి మాంసంలో గోంగూర వేసి వండేది, కారమని మూలిగినవాడికి ఇంకో గరిటె వడ్డించేది. అరిజోనాలో, చాండ్లర్‌లో నా ఉద్యోగం పోయి ఆమె దగ్గరికి వెళితే ఒక్క ఓదార్పు మాట అనలేదు. గొడ్డలి చేతికిచ్చి, "ఏడుపొస్తే కట్టెలు కొట్టుకుంటా ఏడు, చలికాలానికి పనికొస్తాయి" అంది. ఆ కట్టెలే నన్ను నిలబెట్టాయి. అందుకే ఏటా వేట రోజుల్లో సెలవు పెట్టి వెళ్లి వంటింట్లో సాయం చేసేవాణ్ని.

ఈసారి వెళ్లింది వేరే పని మీద. గుండె బాగా పాడైందని, ఎక్కడం దిగడం మానకపోతే దక్కదని డాక్టరు చెప్పాడు. మంచు దారి మూసేలోపు ఆమెను కిందికి తేవాలి. ఎంతో బతిమాలితే సరేనంది. మర్నాడు గాడిదలు వస్తాయి, దిగిపోతాం. ఆఖరి వేటగాడు ఒకడు మిగిలాడు. టెక్సాస్‌లో, ప్లేనోలో ఉంటాడు, అక్కడి తెలుగు చర్చిలో పెద్ద, మా ఇంటిల్లిపాదికీ తెలిసినాయన. నేనూ వాళ్ల వెంట వెళ్లాను.

ఎదుటి వాలు మీద దుప్పి కనబడింది. దూరం ఎక్కువ, పక్కకు తిరిగేదాకా ఆగమంది అత్త. ఆయన ఆగలేదు. గుండు పొట్టలో తగిలింది.

"కూర్చో. పొట్టలో తగిల్తే అది కాస్త దూరం పోయి పడుకుంటాది. మనం కదలకపోతే అక్కడే పోద్ది. ఎంటపడితే బెదిరి లోయలోకి దిగిపోద్ది" అంది.

ఆమె మాత్ర వేసుకోవడానికి అటు తిరిగింది. అంతే, ఆయన ఫోన్‌లో వీడియో తీసుకుంటూ వాలు మీద పరుగెత్తాడు. చర్చిలో చూపించుకోవాలి కదా. పడుకున్న దుప్పి లేచింది. పేగులు ఈడ్చుకుంటూ లోయలోకి వెళ్లిపోయింది.

"వదిలేద్దాం అక్కా. ఎలాగూ చచ్చిపోతుంది కదా" అన్నాడు తిరిగొచ్చి.

"నువ్వూ ఎలాగూ చస్తావ్. ఇక్కడ వదిలేసి పోనా?"

నేను దిగుతానన్నాను. నెత్తురు జాడ పట్టడం నీకేం తెలుసంది. డాక్టరు మాట గుర్తు చేశాను.

"డాక్టరు నా గురించి చెప్పాడ్రా. దాని గురించి ఏం చెప్పలేదు."

ముగ్గురం దిగాం. రాళ్ల మీద, గడ్డి మీద నెత్తురు చూసుకుంటూ ఆమె ముందు నడిచింది. నాలుగడుగులకోసారి చెట్టు పట్టుకుని ఆగేది. నేను చేయి అందిస్తే విదిలించేసింది.

అడుగున వాగులో దొరికింది. బతికే ఉంది. బొంతకాకులు అప్పటికే ఒక కన్ను తినేశాయి, రెండో కన్ను మమ్మల్ని చూస్తోంది. అత్త తుపాకీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. "చూడు. నువ్వు పెట్టిన నెప్పే కదా, చూడు" అని గడ్డం పట్టి ఇటు తిప్పింది. ఆయన తుపాకీ ఎత్తలేదు. ఇక అత్తే తుపాకీ లాక్కుని ఒక్క గుండుతో పని ముగించింది.

తర్వాత రాయి మీద కూర్చుంది. నేను దుప్పి కాళ్లు కోస్తుంటే, "ఎముక మీద నరక్కు, కీలు దగ్గర కొయ్యి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అంది. కీలు దొరికింది. చూపిద్దామని తలెత్తేసరికి అత్త రాయి మీదే ఉంది, ప్రాణం లేదు.

మర్నాడు ప్యాకర్ గాడిదలతో వాగు దాకా దిగొచ్చాడు. గాడిదలకు బరువులు కట్టే మనిషి, ఆమె దగ్గర ముసలివాడయ్యాడు. మాంసం చుట్టడానికి తెచ్చిన కాన్వాసులోనే ఆమెను చుట్టి, మాంసం కట్టే తాళ్లతోనే గాడిద మీద అడ్డంగా కట్టాడు. వేరే ఏమీ లేవు. మిగతా గాడిదల మీద మాంసం ఎక్కించాడు. తినేది వదిలేసి కొమ్ములు మోసుకెళ్లే వేటగాణ్ని అత్త మనిషిగా లెక్కించేది కాదు, ముందు మాంసమే దిగాలి. ఆ మాట ప్యాకర్‌కి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, కొమ్ములు వాగు దగ్గరే వదిలేశాడు. దారి పొడవునా ఆమె బూట్లు గాడిద పొట్టకు తగులుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రమే మంచు పడి దారి మూసుకుపోయింది.

ప్లేనోలో జ్ఞాపకార్థ కూడికలో ఆయనే ప్రార్థన చేశాడు, ఏడ్చాడు కూడా. మొన్న ఫోన్ చేశాడు. "సమ్మర్‌లో ట్రిప్ ప్లాన్ చేద్దాం బాబూ. కొమ్ములు అక్కడే ఉండిపోయాయి కదా, అక్క జ్ఞాపకంగా హాల్లో పెట్టుకుంటాను."

సరే అంకుల్ అన్నాను. అప్పటికి ఆ కొమ్ముల్లో ఏం మిగులుతుందో చెప్పలేదు. మంచు కింద ఎలుకలు చలికాలమంతా కొమ్ములే కొరుక్కు తింటాయి. ఇప్పుడూ తింటూ ఉంటాయి, ఆమె కూర్చున్న రాయి పక్కనే.