చిన్న ఇంజనే చాలన్న కాక

ఈరోజు ఆదివారం. నిద్ర లేవగానే నాన్న చెప్పిన మొదటి మాటకే నా మత్తంతా వదిలిపోయింది...

"రేపు పొద్దున కొత్త బండి సూడవోతున్నం బిడ్డా. మీ శ్రీశైలం కాక గూడ వస్తుండు. ఏ ఇంజన్ మంచిదో ఆయనే చెప్తడు."

శ్రీశైలం కాక... ఆ పేరు మా ఇంట్లో వినబడి ఎన్నేళ్లయిందో. నేనెందుకు ఉలిక్కిపడ్డానో తెలియాలంటే ముందు ఆ పాత సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఇస్నాపూర్‌లో ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. గది ముందు రోడ్డు, రోడ్డు అవతల సరుకు బండ్ల అడ్డా. నాన్నా, శ్రీశైలం కాకా అక్కడే వేరేవాళ్ల బండ్లు నడిపేవారు. కాక మాకు చుట్టం కాదు, నాన్నకు దోస్తు. అయినా అమ్మ సర్వపిండి కాలిస్తే మొదటి ముక్క ఆయనకే...

బడి లేని రోజున కాక నన్ను గడప మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఇంజన్ల చప్పుడు గుర్తుపట్టమనేవాడు. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ బండి చలికి పళ్లు టకటకలాడిస్తున్నట్టు వచ్చేది. నాలుగు సిలిండర్ల పెద్ద పికప్‌ది మాత్రం నిబ్బరమైన గొంతు. వేగం అందుకుంటే సన్నగా ఈల కూడా వేసేది. 'నిబ్బరం' అనే మాట ఈ మధ్యే ఒక పుస్తకంలో దొరికింది నాకు. చదవగానే ఆ పెద్ద ఇంజనే గుర్తొచ్చింది.

"గిది ఏ బండే?" అనేవాడు కాక.

"పెద్దది. లోడు మీదున్నది."

"మీ నాయినకన్న నువ్వే నయం. ఆయనకు హారన్ కొడితే గాని తెల్వది."

నాన్న కూడా నవ్వేవాడు...

అప్పుడే పటాన్‌చెరు వైపు ఒక ఇనుప పోత కంపెనీ, సొంత బండి ఉన్నవాళ్లకు సరుకు మోసే పని ఇస్తానంది. ఇద్దరూ బండ్లు కొనాలనుకున్నారు. నాన్న మనసు పెద్ద ఇంజన్ మీదే ఉంది. కాక ఒప్పుకోలేదు. ఆ సంభాషణ నాకు ఇప్పటికీ గుర్తే... మా గదిలో, ఈతచాప మీద, అమ్మ వడ్డించిన అన్నం తింటూ అన్నాడు.

"పెద్దది డీజిల్ బాగ తాగుతది అన్నా. ఖాళీగ వచ్చినా తాగుతది. చిన్న ఇంజనే సాలు. ఇద్దరం ఒక్కతీరు బండ్లు తీస్కుందాం. లోడు సగం నీకు, సగం నాకు."

"ఇనుము గద తమ్మీ... గుంజుతదా?"

"నేను గూడ గదే తీస్కుంటున్న గదనే. నువ్వు మునిగితె నేను మునగనా?"

ఆ చివరి మాటకు నాన్న ఒప్పుకున్నాడు.

ముందు మా చిన్న బండి వచ్చింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది కాకే...

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, గదిలో హోంవర్క్ రాసుకుంటుంటే బయట బండి ఆగింది. నిబ్బరమైన గొంతు, దాని వెనకే సన్నటి ఈల.

"ఎవరిదో పెద్ద పికప్ వచ్చింది నాయినా" అన్నాను.

తలుపు తీస్తే, బంతిపూల దండ వేసిన కొత్త బండి లోంచి శ్రీశైలం కాక దిగుతున్నాడు.

నాన్న ఆ బండిని ముందు నుంచి వెనక దాకా చూశాడు. "ఏంది తమ్మీ... చిన్నదే తీస్కుంట అన్నవ్ గద."

"గిట్ల కుదిరిందే అన్నా." కాక నా వైపు చూడలేదు.

"మంచిగున్నది" అన్నాడు నాన్న.

నాన్న రెండుసార్లు తిరిగి తెచ్చే సరుకు కాక ఒక్కసారిలో తెచ్చేవాడు. ఇనుము ఎక్కిస్తే మా బండి చిన్న ఎత్తుకు కూడా నల్లగా పొగ కక్కేది. వర్షాకాలం ముగిసేసరికి కంపెనీ పనంతా కాకదే. నాన్న నీళ్ల డబ్బాలకూ, కొండాపూర్ మండలం పల్లెల్లో టమాటాలకూ తిరిగాడు. చేల దారుల్లో బురదలో దిగబడితే దిగి భుజంతో నెట్టేవాడు. ఆ మట్టి చొక్కాలు అమ్మ ఉతుకుతుంటే నేను చూస్తూ కూర్చునేదాన్ని...

నేను కాకతో మాట్లాడటం మానేశాను. ఎదురొస్తే రోడ్డు దాటేదాన్ని. ఒకసారి బిస్కెట్ పుడా చేతిలో పెడితే అక్కడే అరుగు మీద వదిలి వచ్చేశాను. నాన్న పైకి అనలేని కోపాన్ని ఆయన బదులు నేను దాచి ఉంచుతున్నాననుకున్నాను.

అందుకే ఈ పొద్దున అడిగాను. "ఆయనతోని మాట్లాడుతున్నవా నాయినా?"

"రోజు చాయ్ తాగుతనే ఉన్న గద బిడ్డా. అడ్డా ఒక్కటేనాయె."

"మరి మాకు చెప్పకపోతివి?"

"నీకు కోపమొస్తదని చెప్పలే."

వంటింట్లోంచి అమ్మ గొంతు... "నాకు ఎరుకనే."

ఆ మాటతో మరీ ఒంటరిదాన్నయ్యాను. కాక చేసిన మోసం ఒక ఎత్తు... ఇన్నేళ్లు నాన్న పక్షాన నిలబడ్డానని మురిసిపోతుంటే, ఆ పక్షాన నాన్నే లేకపోవడం ఇంకో ఎత్తు.

నా ముఖం చూసి నాన్న మెల్లగా అన్నాడు, "పని పోయింది, సరే. దోస్తు గూడ పోవాల్నా?"

దుప్పటి మడతపెడుతూ ఆ మాటే తలుచుకున్నాను. కోపం మాత్రం పోలేదు...

ఇప్పుడు అడ్డాలో గ్యాస్ బండ్లున్నాయి, కరెంటు బండ్లున్నాయి. పక్కన వచ్చి ఆగేదాకా చప్పుడే తెలియదు. డీజిల్ బండ్లు అలా కాదు, ఎవరొస్తున్నారో ముందే చెప్పేసేవి... మీ ఇంట్లో కూడా ఇలాంటి దోస్తు ఉన్నాడా? మీరింకా కోపంగా ఉండగానే మీవాళ్లు ఆయన్ను క్షమించేశారా? ఉంటే రాయండి, ఈ రోజు నాకు తోడు కావాలి.

రేపు పొద్దున నేనూ షోరూంకు వెళ్తున్నాను. మళ్లీ అలాంటి ప్రశ్నలే వస్తాయి... డీజిలా, గ్యాసా, చిన్నదా, పెద్దదా. కాక సలహా చెప్పడం మొదలుపెట్టకముందే, నాన్న వింటుండగా ఒక్కటే అడుగుతాను.

"నీకోసమైతే ఏది తీస్కుంటవ్ కాకా?"