పెరుగన్నం కుక్క ఓడెక్కింది

మద్రాసు హార్బరులో, ఓడ మెట్ల దగ్గర, మా కుక్కను కసాయివాడికి అప్పగించమన్నారు. అమ్మ ఆ మాట విని గొలుసు చేతికి చుట్టుకుని అక్కడే చతికిలబడింది. వెనకున్న జనం తిట్టుకుంటూ పక్కనుంచి ఎక్కిపోతున్నారు. నాయన అరవంలో మళ్ళీ అడిగాడు. ఓడ మనిషి మళ్ళీ అదే చెప్పాడు. దారిలో కోసి వండడానికి మేకలనూ కోళ్ళనూ ప్రాణంతోనే ఎక్కిస్తారట. వాటి మేతా నీళ్ళూ చూసేది కసాయే కనక ప్రయాణికుల కుక్కలు కూడా అతని కిందికే వస్తాయట. అంత పెద్ద ఓడలో కుక్కను చూసుకోవడానికి ఇంకో మనిషే దొరకలేదా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది ఆత్మకూరులో అంగడి పెట్టుకున్న శెట్ల ఇల్లు. మాంసం అనే మాట కూడా మా ఇంట్లో పలకరు. తప్పనిసరైతే నీచు అంటారు, అదీ గొంతు తగ్గించి. ఎవరైనా కోడిగుడ్ల బుట్టతో అంగడికి వస్తే, బుట్ట వీధిలో దించి రమ్మనేది అమ్మ. అలాంటి ఇంట్లో కుక్క. అది తినేది పెరుగన్నం, పప్పన్నం. ఏకాదశినాడు అమ్మతోపాటు దానికీ పస్తే, సాయంత్రం ఒక అరటిపండు. “మా అబ్బోడు నీచు ముట్టడు” అని అమ్మ ఆ కుక్క గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కలిగిరి వైపు నుంచి బండ్లు తోలుకొచ్చే రైతులు, “అయితే వచ్చే జన్మలో మీ ఇంట్లోనే పుడతాడులేమ్మా” అని ఆటపట్టించేవాళ్ళు. అమ్మ నవ్వేది కాదు. అది నిజమనే అనుకునేది.

దానిమీద అమ్మకు అంత ప్రాణం ఎందుకో చెప్పాలి. నాయన సముద్రానికి అవతల పినాంగులో బంధువుల కొట్లో వాటాదారు. యుద్ధంలో జపాను వాళ్ళు ఆ దేశాన్ని పట్టుకున్నాక ఆయన బతికున్నాడో లేడో ఏళ్ళ తరబడి తెలియలేదు. పేరంటాలలో ఆడవాళ్ళు అమ్మ బొట్టు వంక అదోలా చూసేవాళ్ళు. ఆ రోజుల్లోనే ఉదయగిరి నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కొండ కింద ఓ రైతు ఇంట పుట్టిన కుక్కపిల్లను గంపలో పెట్టుకుని తెచ్చాడు. మనుషులతో చెప్పుకోలేనివన్నీ అమ్మ దానితో చెప్పుకునేది. యుద్ధం ముగిసి నాయన చిక్కి సగమై ఇంటికొస్తే, అది ఆయన పంచె పట్టుకుని గడప దాటనివ్వలేదు. నాయన అది మనసులో పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు మమ్మల్ని కూడా పినాంగు తీసుకెళ్తానన్నప్పుడు అమ్మ ఒకటే మాట అంది.

“అబ్బోడు వస్తే నేనూ వస్తాను.”

నాకప్పుడు తొమ్మిదో ఏడు. చెప్పి పోదామని ఉదయగిరి వెళితే మామ కుక్క వీపు నిమురుతూ, “అక్కా, దీని తల్లి కొండమీద కుందేళ్ళను పట్టేది. ఓడలో వాళ్ళేం పెట్టినా తిననీలే” అన్నాడు.

“పుట్టుక ఏదైతే ఏందిరా, పెంపకం ముఖ్యం” అని అమ్మ కొట్టిపారేసింది.

అలా బయల్దేరిన మనిషి హార్బరులో కూలబడిందంటే వింతేముంది. నాయన నయానా భయానా చెప్పి గొలుసు విడిపించాడు. ఓడ వెనకభాగంలో మేకల దొడ్డి పక్కన కుక్కను కట్టేశారు. మద్రాసులో కొన్న పెరుగుకుండ ఒకటి మాతో ఉంది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కసాయి ముఖం చూడకుండా, అన్నం కలిపి కుక్క ముందు పెట్టి వచ్చేది. అది ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. డొక్కలు లోపలికి పోయి, పిలిచినా తల ఎత్తలేదు. అమ్మ కూడా తిండి మానేసింది.

“అది చస్తే సముద్రంలో పారేస్తారా?” అని నాయనను అడిగింది.

“మనుషులనే పారేస్తారు” అన్నాడు నాయన. ఓదార్చడం ఆయనకు చేతనయ్యేది కాదు.

ఆ పై రోజు పొద్దెక్కాక మేమిద్దరం వెళ్ళేసరికి కుక్క లేచి నిలబడి ఉంది. అమ్మ రెండు చేతులూ ఎత్తి పెంచలకోన స్వామికి దండం పెట్టింది. అంతలో కుక్క తల దించింది. దాని ముందు కాళ్ళ మధ్య ఎర్రటి ఎముక ఉంది. దాన్ని పటపటా కొరుకుతోంది. మా కుక్క ఆ విధంగా, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా కదిలిపోతూ తినడం నేను పుట్టి చూడలేదు.

కసాయి బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. “నిన్న రాత్రినుంచీ తింటున్నాడమ్మా, ఇంక భయం లేదు” అని అరవంలో, మాకూ తెలిసేట్టు, సంబరంగా చెప్పాడు. అమ్మ సంతోషిస్తుందనే అనుకున్నాడు పాపం. కుక్క అమ్మను చూసి, నోట్లో ముక్క అట్లాగే ఉంచుకుని, తోక ఊపుతూ దగ్గరికొచ్చింది. దానికి సిగ్గూ లేదు, దాపరికమూ లేదు. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అన్నం గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చేసి, చాప మీద కూర్చుని నన్నడిగింది.

“ఏమ్మే, ఇన్నేళ్ళూ నేను దాని కడుపు మాడ్చినానా?”

నాయనకు అదను దొరికింది. “మనం దిగబోయేది మన బంధువుల్లో పెద్దలతో కలిసుండే ఇల్లు. దేవుడి దీపం వెలిగే చోట ఎముకలు కొరికే కుక్కను అడుగు పెట్టనియ్యను. కసాయి దీన్నిమ్మని అడుగుతా ఉన్నాడు, వాడికే ఇచ్చేద్దాం” అన్నాడు. అమ్మ ఓడ దిగేదాకా ఆ సంగతి ఎత్తలేదు. సరేనన్నట్టే అనుకుని నేను తుండుగుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చాను.

పినాంగులో దిగాక రేవు పక్కనే ఓ పెద్ద కొట్టం. బయటి దేశం కుక్కలను ఊళ్ళోకి వదలకుండా కొన్ని నెలలు అక్కడే కట్టిపెడతారు. దాని పెత్తందారు అరవాయన. కసాయి మా కుక్కను పట్టుకుని నాయన మాట కోసం చూస్తున్నాడు.

“ఈ కుక్క ఏం తింటుంది? రోజూ తిండి తెచ్చేదెవరు?” అని పెత్తందారు అడిగాడు.

“ఇది మాది కాదు...” అని నాయన మొదలుపెట్టాడు.

నాయన పక్కన ఉండగా పరాయి మగవాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడి ఎరగని అమ్మ, ఆయనను దాటుకుని ముందుకొచ్చింది.

“మాంసం తింటాది. నేను తెస్తాను.”

అరవంలోనూ ఆ మాట అదే కనక పెత్తందారు తల ఊపాడు. నాయన మాత్రం చెంప పగిలినవాడిలా నిలబడిపోయాడు. ఆ మాట అమ్మ నోట రావడం అదే మొదలు.

“నీకు మతి పోయిందా? మాంసం ఎక్కడ తెస్తావు?” అన్నాడు నాయన.

“అమ్మే చోట” అంది అమ్మ. “మీరు లేనప్పుడు నాతో ఉండింది ఇదే. పస్తు పెట్టి పుణ్యం చేస్తా ఉండాననుకున్నా.”

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మాంసం అంగళ్ళు వెతుక్కుంటూ పోయింది. పొట్లం కట్టించుకుంది. వీధి మలుపులో వాంతి చేసుకుంది. నోరు పుక్కిలించి, పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకుని, నడిచి వెళ్ళి తన చేత్తోనే కుక్కకు పెట్టింది. ఇంటికొచ్చి తలస్నానం చేసింది కానీ దేవుడి గది గడప దాటలేదు. ఆ పని మానమని నాయన అరిచాడు, పెద్దలు బతిమాలారు. కొట్టంలో నెలలు నిండి కుక్క ఇంటికొచ్చాక కూడా అమ్మ రోజూ మాంసం తెచ్చి పెడుతూనే ఉంది. కుక్క బతికి ఉన్నన్నాళ్ళూ అమ్మ ఆ గదిలో అడుగు పెట్టలేదు. దీపం నాయన పెట్టేవాడు.