పిట్ట ముట్టిన తర్వాత

బాపు పోయిన మూడో రోజున కేసముద్రంలో మా పొలం గట్టు మీద విస్తరిలో అన్నం, కూర పెట్టి పిట్ట కోసం ఎదురుచూశాం. కాకులు దగ్గర్లోనే వాలాయి గానీ ముట్టలేదు. భర్త పోయి పుట్టింటికి చేరిన చెల్లెను అన్న ఉండనిస్తాడో లేదోనన్న దిగులుతోనే బాపు కన్నుమూశాడని మా అందరికీ తెలుసు.

"మాటియ్యి కొడుకా. లేకుంటే గీ ఎండల మనం గూడ బాపు తానికే పోతం," అన్నది మేనత్త.

అన్న చేతులు జోడించాడు. "బాపూ, చెల్లె మనింట్లనే ఉంటది. పరేషాన్ గాకు."

కాకి వచ్చి అన్నం ముట్టింది. చెల్లె బోరున ఏడ్చింది.

వానలు పడకముందే అన్న ఆమెను వేరే చోటు చూసుకోమన్నాడు. ఇచ్చిన మాట గుర్తుచేశాను.

"పిట్ట ముట్టింది గదర తమ్మీ! బాపు ఒప్పుకున్నడు, అయిపాయె. నీ ప్రవచనాలు భజనల చెప్పుకో, పో."

అన్నకు భక్తి లేక కాదు. చిల్పూరు గుట్ట ఎక్కి మొక్కనిదే విత్తనం వేయడు. కానీ మాట విన్నది కాకి ఒక్కటే అనుకున్నాడు. తన గుండెలో కూర్చుని విన్న దేవుణ్ని ఎరగలేదు. ఆ ఎరుక లేనివాడికి ఏది ధర్మమో ఎవరు చెప్పగలరు?

జనగామలోని నా అద్దె గదికి రమ్మన్నా చెల్లె రాలేదు. దూరాన కరెంటు ప్లాంటున్న చెల్పూరులో కూలీలకు వండిపెట్టే పని చూసుకుంది. బస్సు దగ్గర నేను అన్నను శపించబోతే నా నోరు మూసింది.

"వద్దన్నా. దేవుడు వింటడు."