చెక్క చాలని పేరు

గిలకలదిండి హార్బరులో చేపల బోటుకి పేరు ఒక్కరే పెడితే కుదరదు. వాటా ఉన్న ప్రతి ఇంటి ఇలవేల్పూ అందులో ఉండాలి. లేకపోతే ఆ ఇంటివాళ్లు బోటు నీళ్లలోకి దించే రోజున మొహం చాటేస్తారు. మా బోటుకి నాన్న గంగమ్మ పేరనుకున్నారు. పెదనాన్న వీరాంజనేయుణ్ణి తెచ్చారు. వేంకటేశ్వరుడు లేకపోతే చెయ్యి వెయ్యనన్నాడు బాబాయి. అమ్మ మహాలక్ష్మిని జతచేసింది. అంతా అయ్యాక, తన పుట్టింటి ఊరి పేరంటాలమ్మను వదిలేశారని నాయనమ్మ రెండు పూటలు అన్నం మానేసింది.

దేవుళ్లంతా సర్దుకున్నారు గాని చెక్క సర్దుకోలేదు. ఎడం వదిలితే చోటు చాలదని పెయింటరు అంతా కలిపి రాశాడు: గంగావీరాంజనేయవేంకటేశ్వరమహాలక్ష్మీపేరంటాలమ్మ. ముక్కు దగ్గర మొదలైన పేరు పక్క చెక్కంతా పాకింది. చివరికి పేరంటాలమ్మ ఒక్కతే బోటు వెనక వైపుకి తిరిగింది.

"మావయ్య గారూ, ఇంకో దేవుణ్ణి తెస్తే ఇంకో బోటు కట్టించుకోవాలండీ," అన్నాడతను నాన్నతో.

రేవంతా నవ్వింది. కాలేజీలో నా స్నేహితురాళ్లు ఊపిరి బిగబట్టి ఆ పేరు చదివి నన్ను ఏడిపించేవాళ్లు. ఒళ్లు మండి, "నీ పేరంటాలమ్మ మూలాన తలెత్తుకోలేకపోతున్నాను," అని నాయనమ్మ మీద అరిచాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడే వాయుగుండం పట్టింది. అన్ని బోట్లూ ఒడ్డుకి చేరాయి, మాది తప్ప. నాన్న ఫోన్ కలవలేదు. మూడో రోజు పొద్దున పాలకాయతిప్ప నుంచి నాన్నకి తెలిసిన ఆయన అమ్మకి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ ఇసుక మేటలో బోటొకటి కూరుకుపోయిందమ్మా. మనుషులు పైనుంచి చేతులూపుతున్నారు. ముందు భాగం, పక్క చెక్కా నీళ్లలో ఉన్నాయి, ఎవరిదో తెలియట్లేదు. వెనక మాత్రం పేరంటాలమ్మ అని రాసుంది."

వెనక చెక్క మీద ఆ పేరున్న బోటు మా తీరంలో ఇంకోటి లేదు. అమ్మ ఫోన్ పట్టుకునే కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

సాయంత్రానికి నాన్న ఇంటికొచ్చారు. నాయనమ్మ ఆయన తల నిమిరి నా వంక చూసింది. తిట్టినా అంత తగిలేది కాదు. ఆవిడ కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

మరమ్మతులయ్యాక పెయింటరు మళ్లీ వచ్చాడు.

"ఈసారి కాస్త కురచగా రాద్దామాండీ?"

నాన్న కంటే ముందు నేనే అందుకున్నాను.

"ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దండీ. ఆ వెనకది మాత్రం ఇంకాస్త పెద్దగా రాయండి."