మా ఆవిడ నాకిచ్చిన ఉద్యోగం

పాప పుట్టిన మూడో నెలలో నేను మందుల కంపెనీ ఉద్యోగం మానేశాను. నెలకు ఇరవై రోజులు ఊళ్లు తిరిగే పని నాది. మా ఆవిడకు బ్యాంకులో ఉద్యోగం. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా, నేనుంటానన్నాను. బాగా ఆలోచించుకునే అన్నాను. తొంభైల మొదట్లో ఫిలింనగర్‌లో కింది వాటా అద్దెకు అడగడానికి వెళ్లేదాకా, ఆ సంగతి బయటివాళ్లకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

"సారేం చేస్తడమ్మా?" అని ఇంటాయన అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "సినిమాలకి కథలు రాస్తారండీ. ఇంట్లోనే కూర్చుని రాస్తారు."

ఆ పేటలో పగటిపూట లుంగీతో కనిపించే మగవాడికి అంతకన్నా నమ్మదగిన కారణం లేదు. ఇంటాయన రెండు చేతులూ జోడించాడు.

ఇక మొదలైంది నా అవస్థ. డాబా మీద పాప గుడ్డలు ఆరేస్తుంటే ఇంటావిడ మెట్ల మీది పిల్లల్ని అదిలించేది, "లొల్లి చెయ్యకుర్రి, సారు సోంచాయిస్తుండు" అని. నేను ఆలోచిస్తున్నది పాపకు విరేచనం ఆకుపచ్చగా ఎందుకవుతోందని.

ఇంటాయన బావమరిది రహమత్ నగర్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అతని దగ్గరొక కథ ఉంది. తప్పిపోయిన అన్నదమ్ములు, ఒకడు పోలీసు, ఒకడు దొంగ. సరిగ్గా పాపకు కునుకు పట్టే వేళకు వచ్చి, ఫైట్లకు నోటితోనే చప్పుళ్లు చేసేవాడు. పాప ఉలిక్కిపడి లేచేది. గంటసేపు భుజాన వేసుకుని తిరిగిందంతా వృథా.

ఒకరోజు పాపకు ఒళ్లు కాలిపోతోంది. తడిగుడ్డతో తుడుస్తున్నాను. అతనొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, ఇంటర్వెల్ కాడ ఆగింది. జర మీరే ఏదన్న చెప్పాలె."

"నేను రచయితను కాదయ్యా! ఒక్క కథా రాయలేదు. వంట చేస్తాను, పిల్లను చూసుకుంటాను. అంతే!"

అతను నవ్వాడు. "పెద్ద రైటర్లు గిట్లనే అంటరు సారూ. రేపొస్త."

సాయంత్రం మా ఆవిడ చెప్పులు విడవకముందే అడిగాను. "ఎందుకు చెప్పావా అబద్ధం?"

"మీకు చిన్నతనంగా ఉంటుందని."

"నాకా, నీకా?"

ఆమె పాప నుదురు తాకి చూసింది. "ఇద్దరికీ అనుకోండి" అంది.

కోపం ఆమె మీదనే చూపించాను గానీ, పొద్దుటి నుంచి నన్ను తినేస్తున్నది వేరే. నా పనిని "అంతే" అని తీసిపారేసింది నేనే. ఎవరూ అనమని అడగలేదు.

ఆ ఆదివారం మా ఆవిడే పైకి వెళ్లి ఇంటావిడకు నిజం చెప్పేసింది. బావమరిది రావడం మానేశాడు. ఇంటాయన చూపు పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. నాకు హాయిగా ఉండాలి. ఉండలేదు. పోయిన దండాల కోసం మనసు పీకుతుంటే, నా మీద నాకే ఒళ్లు మండేది.

పురిటికి వచ్చిన కూతురి బిడ్డను ఎత్తుకుని ఓ మధ్యాహ్నం ఇంటావిడ కిందికి దిగింది. "పాలు తాగంగనే కక్కుతుంది తమ్మీ. జర చూస్తవా?"

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. చేతులు కడుక్కుని బిడ్డను భుజాన వేసుకున్నాను, వీపు నిమురుతూ ఎలా పట్టుకోవాలో చూపించాను. త్రేన్పు వచ్చింది. ఆమె అక్కడే గడప మీద కూర్చుని, బిడ్డకు నీళ్లు పోయడం గురించీ, పక్క గుడ్డలు మార్చడం గురించీ అడుగుతూ పోయింది. పప్పు మాడిపోయింది. నేను లేవలేదు.