నాన్న ఎడమ చేయి

ఇవాళ గరాజ్‌లో నాన్న తయారుచేసిన ట్యూబ్ ప్రీయాంప్, పాటల శబ్దం పెంచే పెట్టె, దొరికింది. మూత తీస్తే సోల్డరింగ్ వాసన ఇంకా ఉంది!

ఎర్రగా వెలిగే ఆ గాజు ట్యూబులు మీకు గుర్తున్నాయా? ఎనభైల్లో, బాతెల్ ఊళ్ళోని మా ఇంట్లో, దాన్ని ఆన్ చేసి పరీక్షించేటప్పుడు నాన్న ఎడమ చేయి జేబులోనే ఉంచుకునేవారు.

"రెండు చేతులూ తగిలితే షాక్ గుండెలోంచి పోతుందమ్మా" అనేవారు. అందుకే నేను కళ్ళార్పకుండా ఆ జేబునే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం నాన్న దాన్ని ఆన్ చేసి పరీక్షిస్తుండగా పాస్టర్ గారు వచ్చారు. పెద్దవాళ్ళొస్తే కూర్చుని ఉండటం నాన్నకు చేతకాదు. కుడి చేత్తో మీటర్ తీగ పట్టుకునే లేవబోతూ, ఎడమ చేయి జేబులోంచి తీసి ప్రీయాంప్ ఇనపపెట్టె మీద ఆనించబోయారు.

"డాడీ, పాకెట్!" అని అరిచాను. చేయి గాల్లో ఆగింది.

ఇవాళ ఇంకా ప్లగ్ పెట్టనే లేదు, నా ఎడమ చేయి జేబు కోసం తడుముకుంది. నేను కట్టుకున్నది చర్చికి కట్టిన చీర.